చేసిన పని – చేయవలసిన పని

ఉద్యోగమునకు పంపు దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, విద్యార్హతలు అను గడుల తరువాత 'పూర్వానుభవము' అను గడి యొకటి యుండును. సంవత్సరములెన్ని, నెలలెన్ని అని మాత్రమే అది అడుగును. అప్పుడే డిగ్రీ పుచ్చుకొనిన యువకుడు ఆ గడియొద్ద కలము ఆపి, కొంచెము ఆలోచించి, 'లేదు' అని వ్రాసి క్రిందికి పోవును. పదవ తరగతి మొదలుకొని ప్రతి సెలవులోను తండ్రి కిరాణా కొట్టులో కూర్చుండి, అప్పు తీర్చువారెవరో ఎగవేయువారెవరో ముఖము చూచి చెప్పగలిగినవాడు అతడే. పొరుగు పిల్లలకు ట్యూషను చెప్పి తన పరీక్ష రుసుము తానే కట్టుకొనినది అతని చెల్లెలే. పెద్దాసుపత్రి వార్డులో నాయనమ్మ మంచము ప్రక్కన నేలమీద పండుకొని, ఏ నర్సు ఏ వేళకు వచ్చునో, ఏ మాట చెప్పిన డాక్టరు నిలిచి వినునో నేర్చుకొనినదియు ఆమెయే. వీటిలో ఏదియు ఆ గడిలో చేరదు. చేరదని వారికెవరును చెప్పలేదు. వారే అట్లు తలంచిరి.

కొన్ని కుటుంబములలో ఈ మౌనమునకు మరియొక కారణము కూడ గలదు. తల్లిదండ్రులు కూలికి పోయినవారు, తోలుపని చేసినవారు, పాకీపనిలో నలిగినవారు అయినచో, వారితోకూడ చేసిన పనిని బిడ్డ దాచుకొనును. డిగ్రీ వచ్చినది ఆ పని మరచుటకే యని అందరును అతనికి నూరిపోసిరి. ఆ పనిలోని అవమానమును మరువ గోరుట న్యాయమే. కాని ఆ పనిలో అతడు నేర్చినదానిని కూడ అవమానముతోపాటు పాతిపెట్టవలెనా? అది వేరు ప్రశ్న.

తెలుగు మాటలు ఈ విషయములో మన అలవాటుకంటె వివేకము గలవి. 'ఉద్యోగము' అనగా నేడు జీతపు కొలువు. కాని భారతములోని ఉద్యోగపర్వములో ఎవరికిని కొలువు దొరకదు. అక్కడ ఆ మాటకు పూనిక, సన్నాహము అని అర్థము. 'అనుభవించుట' అను క్రియ ఇంకను విచిత్రమైనది. సుఖమును అనుభవింతురు, కష్టమును అనుభవింతురు, పొలమును తరతరములుగా అనుభవింతురు. ఒకటి మనిషిని దాటిపోవునది, ఒకటి అతనిని దహించునది, ఒకటి అతని చేతిలో నిలుచునది. మూటికిని మాట ఒకటే. కంపెనీ వారిచ్చు అనుభవ ధ్రువపత్రము వీటిలో దేనిని ధ్రువపరచును? ఫలానా తేదీనుండి ఫలానా తేదీవరకు ఆ మనిషి అక్కడ ఉండెనని మాత్రమే.

చదువుతోపాటు పని చేయించవలెనను తలంపు క్రొత్తది కాదు. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. 1973లో దానిని సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమా వారిని కూడ అందులో చేర్చిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యాసంవత్సరమునుండి మూడేండ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టి, అందులో రెండు నెలలు సమాజసేవా ప్రాజెక్టుకు కేటాయించిరి. ఉద్దేశము మంచిదే. కాని కట్టుదిట్టములెన్ని యున్నను, చివర సమర్పించవలసిన నివేదికయొద్ద చిక్కు వచ్చును. స్నేహితుని నివేదికలో పేరు మార్చి ఇచ్చువారు ఏ కాలేజీలోనైనను కొందరుందురు. దీనిని పరీక్షలో చూచివ్రాతవంటి తప్పని పెద్దలు మందలింతురు. నిజమునకు ఇది అంతకంటె విచారకరమైనది. చూచివ్రాతలో విద్యార్థి పరీక్షకుని మోసగించును. ఇక్కడ తనకు తానే సాక్షిగా నిలువవలసిన చోట అబద్ధసాక్ష్యము పలుకును. రెండేండ్ల తరువాత ఏ దారి పట్టవలెనని నిజముగా కలవరపడు రాత్రి, వెనుకకు తిరిగి చూచుకొనుటకు అతనియొద్ద తన సొంత మాట ఒక్కటియు ఉండదు.

అయితే సొంత మాట ఉన్నంతమాత్రమున దారి తెలియునా? చేసిన పని చేయబోవు పనిని చూపునా? ఇక్కడ తొందరపడరాదు.

ఒంగోలు క్లౌ దొరగారి సంగతి తెలుగు సంఘములవారికి కొత్త కాదు. 1836లో అమెరికాలో పుట్టిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. 1878 జూలై 3వ తేదీన 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న లెక్క అనేకులు కంఠస్థముగా చెప్పుదురు. దానికి ముందు జరిగిన కాలువ సంగతిని మాత్రము అంత తరచుగా చెప్పరు. యౌవనములో ఆయన మిన్నెసోటా ప్రాంతమున ప్రభుత్వపు భూమి కొలతల బృందముతో పనిచేసి, క్రమముగా తానే సర్వేయరు స్థానమునకు ఎదిగెను. ఆయన ఆశ మాత్రము న్యాయవాది కావలెనని. మిషనెరీగా బయలుదేరినప్పుడు ఆ గొలుసులు, కొలతలు, మట్టి లెక్కలు ఆయన జీవితములో ముగిసిన అధ్యాయమనియే ఎవరైనను అనుకొందురు. 1876–78 కరవు వచ్చెను. దక్షిణదేశమున లక్షలాది ప్రజలు చనిపోయిన కరవు అది. కరవు పనులలో భాగముగా ప్రభుత్వము బకింగుహాము కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ దొర అందులో మూడున్నర మైళ్ల భాగమును తానే కంట్రాక్టుకు తీసికొనెను. బోధకులను పని పర్యవేక్షకులుగా నిలిపెను. ఆకలితో వచ్చిన మాదిగపల్లెల ప్రజలకు పని దొరికెను. చేసిన పనికి కూలి చేతికి ముట్టెను.

ఆ దినములలో దయగల మనుష్యులు అనేకులుండిరి. కాని మట్టిని కొలిచి, లోతు లెక్కించి, ఎన్ని గంపలకు ఎంత కూలి రావలెనో తేల్చి, మేస్త్రీల మోసమును పట్టగల దయాళువులు ఎందరు? అక్కరకు వచ్చినది దయ యొక్కటే కాదు. ఇరువదేండ్ల క్రిందట వేరొక దేశమున, వేరొక ఆశతో చేసిన కూలిపని కూడ. కరవు కాలములో బాప్తిస్మములను ఆయన నిలిపివేసెను. అన్నము కొరకు వచ్చినవారెవరో విశ్వాసముకొరకు వచ్చినవారెవరో తెలియని వేళ తొందర తగదని ఆయన తలంచెను. లెక్క తప్పకుండ చూచుకొను సర్వేయరు అలవాటు ఇందులో కూడ కొంత పనిచేసెనేమో!

ఆయన తొలి సహవాసి ఎర్రగుంట్ల పేరయ్య సంగతియు ఇట్టిదే. తోళ్ల వ్యాపారముకై ఊళ్లు తిరిగిన మనుష్యుడు. ఏ పల్లెకు ఏ డొంక పోవునో, ఏ గడపలో తన మాట వినువారుందురో ఆయనకు తోళ్ల మూటయే నేర్పెను. ఊరివారు అంటరానిదన్న ఆ వృత్తి ఆయనకు ఒక సీమనంతటిని తెరచి చూపెను. పూర్వానుభవము అను గడిని ఆయన ముందు పెట్టియుండిన ఏమి వ్రాసియుండునో!

ఇట్టి కథలు వినుటకు సొంపుగా నుండును గనుకనే వీటిలో ఒక ప్రమాదము దాగియున్నది. గతములో జరిగిన ప్రతిదియు ఒక ఏర్పాటు ప్రకారమే జరిగినదని ముగింపు తెలిసిన తరువాత చెప్పుట సులభము. మిన్నెసోటాలో గొలుసు పట్టిన యువకులు మరి కొందరుండిరి. వారిలో ఎవరికిని కాలువ దొరకలేదు. గొలుసు పట్టినప్పుడు క్లౌకు ఒంగోలు పేరు తెలియదు. కాబట్టి ఇరువది రెండేండ్ల పట్టభద్రుడు తాను మూడు నెలలు చేసిన డేటా ఎంట్రీ పనిని పట్టుకొని, దీనిలో దేవుడు నా భవిష్యత్తు దాచెనని చెప్పినచో, ఓపికతో విని, 'ఆ మూడు నెలలలో ఏమి చేసితివి నాయనా?' అని అడుగుట మంచిది. అర్థము తరువాత వచ్చును. ముందు సంగతి తెలియవలెను.

నేర్చినది అక్కరకు వచ్చిన కథ ఒకటి. నేర్వనిది దారి చూపిన కథ వేరొకటి. ఐడా స్కడ్డరు 1870లో రాణిపేటలో మిషనెరీ వైద్యుల కుటుంబమున పుట్టెను. ఆ కుటుంబపు దారిలో తాను నడువనని ఆమె నిశ్చయము. తల్లికి జబ్బుగా ఉన్నదని 1890లో తిండివనము వచ్చి, ఇంటిపనిలోను బడిపనిలోను సాయపడుచుండగా, ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవవేదనలో నున్న తమ భార్యలకు సాయము చేయుమని ఆమెను వేడుకొనిరి. ఆమె తండ్రి వైద్యుడు, ఆయనను తీసికొనిపొమ్మనెను. పరపురుషుడు రాకూడదని వారు తిరిగి పోయిరి. తెల్లవారుసరికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆమె అమెరికాకు తిరిగిపోయి వైద్యము చదివి, 1899లో పట్టా పుచ్చుకొని, 1900లో వేలూరు చేరెను. 1918లో అక్కడ స్త్రీలకు వైద్యపాఠశాల స్థాపించెను. తెలుగుదేశమునుండి రైలెక్కి వేలూరు పోయిన రోగుల సంఖ్య ఎవరు లెక్కింపగలరు?

ఆ రాత్రి ఆమెకున్న 'పూర్వానుభవము' ఏమి? ఏమియు లేదు. చేయలేకపోవుటయే ఆ రాత్రి ఆమె అనుభవము. ఉద్యోగ సలహాదారులు సామాన్యముగా యువకులను, 'నీకేమి వచ్చును? నీ బలములేవి?' అని అడుగుదురు. అది అవసరమే. కాని పనిలో నిలిచినవాడు మరియొకటి కూడ చూచును: ఎక్కడ తన చేతులు చాలలేదో. కంప్యూటరు బాగుచేయుటకు గ్రామ పాఠశాలకు పోయిన ఇంటర్ను, మూడవ తరగతి బిడ్డ ఇంకను అక్షరములు కూడబలుక లేకపోవుట చూచి, యంత్రము బాగుచేసి వచ్చివేయును. తిరిగి వచ్చిన తరువాత నెలలపాటు ఆ బిడ్డ నోరు గుర్తుకు వచ్చుచున్నచో, దానిని నివేదికలో వ్రాయుటకు గడి లేదని మరచిపోవలెనా? ప్రతి కలతయు పిలుపు కాదు, నిజమే. ఐడా స్కడ్డరు కూడ మరునాడే డాక్టరు కాలేదు, మొదట చదువుకొనెను.

'పిలుపు' అను మాటను తెలుగు క్రైస్తవులు ఇరుకు చేసికొనిరి. పిలుపు వచ్చినదనగా ఉద్యోగము మాని సేవకు పోయెనని అర్థము. లూథరు కాలమునకు ముందు ఐరోపాలోను అట్లే యుండెను, పిలువబడినవాడనగా సన్యాసి. చెప్పులు కుట్టువాని పనిని, పాలు పితుకు దాని పనిని కూడ ఆ మాట క్రిందికి తెచ్చినది పదునారవ శతాబ్దపు ఆ సంస్కరణమే. దానిని ఏటేట జ్ఞాపకము చేసికొను సంఘములలోనే, ఎలక్ట్రీషియను పనిని గూర్చి ప్రార్థించుటకు ఎవరికిని మాటలు రాకపోవుట వింత.

ఇంతవరకు చెప్పిన ఉదాహరణములన్నిటిలో పని మంచిదే. ప్రశ్న కఠినమగునది పని మంచిది కానప్పుడు. 2010కి ముందు కొన్ని యేండ్లపాటు అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు వేగముగా పెరిగి, వేలకొలది యువకులను వసూళ్లకు తీసికొనెను. మోటారుసైకిలుమీద ఉదయము ఆరున్నరకు ఊరు చేరుట, స్త్రీల గుంపును చాపమీద కూర్చుండబెట్టుట, ఒకతె కట్టనిచో మిగిలినవారిచేత కట్టించుట వారి పని. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు పెరిగిన తరువాత 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. వసూళ్లు నిలిచిపోయెను, యువకులనేకుల ఉద్యోగములును పోయెను.

వారిలో ఒక బీకాం పట్టభద్రుని ఊహించుకొనవచ్చును. అతడు చెడ్డవాడు కాడు. చెల్లెలి పెండ్లి అప్పు తీర్చుటకు ఆ పనిలో చేరెను. ఆ పనిలో సమర్థుడు. శాఖలో మెప్పు పొందినవాడు. ఏ స్త్రీ నిజముగా లేక ఏడ్చుచున్నదో, ఏ స్త్రీ ఉండియు ఏడ్చుచున్నదో అతనికి తెలియును. నలుగురిలో నిలువదీసిన ఏ యింటివారు సాయంత్రములోగా తెచ్చి ఇత్తురో కూడ తెలియును. ఈ రెండవ తెలివిని తలంచుకొనినప్పుడు అతనికి నిద్ర పట్టదు. ఇప్పుడు క్రొత్త దరఖాస్తు అతని ముందున్నది. 'వసూళ్ల శాఖ, 2 సంవత్సరములు' అని వ్రాసినచో అట్టి పనియే మరల దొరకును, జీతము హెచ్చును. వ్రాయనిచో రెండేండ్లు ఊరక కూర్చుండినవాడగును. సామర్థ్యమే దారి చూపునన్న సిద్ధాంతము అతనిని ఎక్కడికి పంపును? అతడు దేనిలో సమర్థుడో దానినుండియే అతడు తప్పించుకొన గోరుచున్నాడు.

సువార్తలలో సుంకరులను గూర్చిన మూడు సంగతులు ఇతనికి పనికివచ్చును. వాటిని విడివిడిగా ప్రసంగములలో వినుచుందురు గాని, ప్రక్కప్రక్కన పెట్టి చూచుట అరుదు. లేవి సుంకపు మెట్టు విడిచి లేచిపోయెను. యోహానునొద్దకు వచ్చిన సుంకరులకు మాత్రము ఉద్యోగము మానుమను ఆజ్ఞ రాలేదు; నిర్ణయమైనదానికంటె ఎక్కువ తీసికొనవద్దనియే ఆయన చెప్పెను. జక్కయ్య ఉద్యోగము మానెనని లూకా చెప్పడు, ఉంచుకొనెననియు చెప్పడు. అన్యాయముగా తీసికొనినది నాలుగంతలు తిరిగి ఇత్తునని అతడు మాట ఇచ్చెనని మాత్రము చెప్పును. ఒకే వృత్తి, మూడు దారులు. పనిని గూర్చి ఒకే తీర్పు అందరికిని చెల్లదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? కాని మూటిలోను ఒకటి సమానము. చేసిన పనిని ఉన్నదున్నట్లు లెక్కచూచుకొనినవారే ముందుకు సాగిరి. నాలుగంతలు ఇయ్యవలెనన్న, తీసికొనినదెంతో ఎవరియొద్దనో తెలిసియుండవలెను గదా! లెక్క పెట్టుట నేర్చినవాడు గనుకనే జక్కయ్య ఆ మాట ఇయ్యగలిగెను. అతని పశ్చాత్తాపము కూడ సుంకరి పనితనముతోనే జరిగెను.

ఆ బీకాం యువకుని చేతిలో నున్నది కూడ రెండు పోగులుగా చిక్కుపడిన దారము. పేదయింటి రాబడి ఏ నెలలో వచ్చునో ఏ నెలలో రాదో, అప్పు ఏ వారము బరువగునో అతనికి తెలిసినంత పెద్ద బ్యాంకు అధికారికి తెలియదు. ఈ తెలివి సహకార సంఘమునకు, గ్రామీణ బ్యాంకునకు, కౌలురైతుల సంఘమునకు అక్కరకు వచ్చునదే. ఇంటివారిని నలుగురిలో నిలువదీయు నేర్పు మాత్రము వేరు పోగు. ఈ రెంటిని విడదీయుట ఒక పూటలో ముగియు పని కాదు, కూర్చుండి వ్రాయవలెను. ఏ దినమున ఏ యింట ఏమి జరిగెను, తానేమి అనెను, వారేమి అనిరి. అతని గతము తప్పని కొట్టివేయు పెద్దలు, 'పోనిమ్ము, అందరును చేసినదే' అని తట్టు పెద్దలు ఇద్దరును అతనికి ఈ శ్రమ తప్పింప జూతురు. ఇద్దరిలో రెండవవారే ఎక్కువ హాని చేయుదురు.

ఇన్ని చెప్పినను, ఎన్నుకొను స్వాతంత్ర్యమే లేనివారి మాట ఏమి? తండ్రి మంచము పట్టినవాడు దొరికిన కొలువులో చేరును. అతనిని చూచి నీ జీవితమునకు సరియైన దారి యేదో ఆలోచించుమనుట వెక్కిరింతవలె నుండును. పోటీ పరీక్షలకై హైదరాబాదు అశోకనగరములో ఇరుకు గదులలో ఏండ్లు గడుపువారికిని ఇది కష్టమే. వారి వయస్సు పెరుగుచుండును, చేసిన పని యని చెప్పుటకు పుస్తకములు తప్ప ఏమియు ఉండదు. దారి ఎన్నుకొనలేనివాడు కూడ, నడుచుచున్న దారి తనను ఏమి చేయుచున్నదో కనిపెట్టియుండవచ్చును. విలియం కేరీ బెంగాలులో 1794నుండి మదనావతి నీలిమందు కర్మాగారము నడిపినది ప్రీతిచేత కాదు, పొట్టకూటికి. ఆ కర్మాగారము దెబ్బతినెను. వ్యాపారపు లెక్కలో ఆ యేండ్లు నష్టమే. కాని కూలివారిమధ్య ఆయన బంగాళీ నేర్చి అనువాదము సాగించినది అక్కడనే. 1814లో శ్రీరాంపురమున ఆయన తెలుగు వ్యాకరణము కూడ అచ్చయ్యెను. భాషలమీద అట్టి పట్టు కుదిరిన చోట్లలో ఆ నష్టపడిన కర్మాగారమును లెక్కింపకుండుట అన్యాయము.

సంఘపు పెద్దలు, ఇంటి పెద్దలు యువకులను అడుగు మొదటి ప్రశ్న 'జీతమెంత?' అని. రెండవది 'పర్మినెంటా?' అని. బిడ్డ పస్తుండకూడదను ప్రేమచేతనే ఆ ప్రశ్నలు పుట్టినవి, వాటిని తప్పుపట్టనక్కరలేదు. అయితే ఆ రెండును అయిన తరువాత మూడవది కూడ అడుగుటకు భోజనమువేళ సమయముండును: 'ఈ వారము అక్కడ నీవేమి చేసితివి, ఎవరికి?' మొదటిసారి జవాబు రాదు. 'ఏముంది మామయ్యా, మామూలు పనే' అందురు. నాలుగవసారి అడిగినప్పుడు ఒకడు అన్నము కలుపుట ఆపి, పోయిన మంగళవారము ఒక ముసలామె వేలిముద్ర యంత్రములో పడక పింఛను అందకుండ తిరిగిపోయినదనియు, తాను కౌంటరు మూసి ఆమె వెంబడి వెళ్లవలెనని తలంచి వెళ్లలేదనియు చెప్పును. చెప్పి, ఆమె ఊరు తనకు తెలియుననియు అనును.